పచ్చిక బయల్లో పడవ

మూడేళ్ళ క్రితం ఫిబ్రవరి చివర్లో నా ఉద్యోగం పోయింది. పెద్ద కథేమీ లేదు. మేం ఏడేళ్ళు కష్టపడి కట్టిన ప్రోడక్టు ఇక వద్దనుకున్నారు, దాంతోపాటు మమ్మల్నీ వద్దనుకున్నారు. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో దారి చూసుకోవాలన్న సంగతి మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే లేచి రెజ్యూమెలు పంపడం, మధ్యాహ్నమంతా ఫోన్ వైపు చూడడం, రాత్రికి కాకినాడ ఫోన్ చేసి అంతా బాగానే ఉందని నాన్నగారికి అబద్ధం చెప్పడం. ఇదీ నా దినచర్య.

మా పాత టీంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. భార్య పోయాక ఇల్లు అమ్మేసి, పాత చెక్క తెరచాప పడవ ఒకటి కొనుక్కుని అందులోనే కాపురం పెట్టారు. ఆ పడవ మరమ్మతుల కోసం రెండేళ్ళుగా బోస్టన్‌కి దక్షిణాన ఒక బోట్ యార్డులో, ఇనప స్టాండ్ల మీద, తెల్ల ప్లాస్టిక్ కప్పుకుని నిలబడి ఉంది. ఏప్రిల్‌లో నీళ్ళలోకి దింపాలి, అడుగున పాత రంగు గీకడానికి మనిషి కావాలి, వస్తావా అని ఆయన అడిగితే నేను సందేహించాను. ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కునే కన్నా నయం కదా అని మా ఆవిడే బలవంతాన పంపించింది. అలా మార్చి నెలంతా, ఇంటర్వ్యూలు లేని రోజుల్లో, ముక్కుకి మాస్కు కట్టుకుని పడవ కింద పడుకుని రంగు గీకాను. చిన్నప్పుడు తాళ్ళరేవులో కాలవ ఒడ్డున కర్ర పడవలు కడుతుంటే నోరు తెరుచుకుని చూసినవాణ్ణే గానీ, ఒకదాని మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

టీ తాగేటప్పుడు ఆయన నాకొక పాత పుస్తకం ఇచ్చారు. కెప్టెన్ జాషువా స్లోకమ్ రాసుకున్న ప్రయాణ కథ అది. ప్రపంచాన్ని ఒంటరిగా తెరచాప పడవ మీద చుట్టివచ్చిన మొట్టమొదటి మనిషి ఆయన. ఆ పేరు నేను అంతకుముందు విని ఉంటే విని ఉంటాను, గుర్తులేదు. ఆయన భూమిని చుట్టిరావడం కన్నా, అంతకుముందు ఒక ఆవుల బీడులో ఆయన చేసిన పనే నన్ను పట్టుకుంది. మీకు చెప్పాలనుకున్నదీ ముఖ్యంగా అదే.

స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో ఐదోవాడు. తల్లి లైట్‌హౌస్ కాపలాదారు కూతురు. తండ్రి తోలు బూట్లు కుట్టేవాడు, కొడుకునీ ఆ పనిలోనే కూర్చోబెట్టాడు. పిల్లవాడు ఇంటి నేలమాళిగలో దొంగచాటుగా చెక్కుకుంటున్న బొమ్మ ఓడని చూసి తండ్రి కోపంతో విరగ్గొట్టాడట. ఇంజనీరింగే చదవాలని పట్టుబట్టే తండ్రులు మన దగ్గరే ఉన్నారనుకుంటాం! 14వ ఏట చేపల పడవలో వంటవాడిగా చేరడానికి ఒకసారి పారిపోయాడు గానీ వెంటనే తిరిగొచ్చేశాడు. 1860లో తల్లి పోయింది. 16వ ఏట మళ్ళీ ఇల్లు వదిలాడు, ఈసారి శాశ్వతంగా.

ఆ తర్వాత పాతికేళ్ళు ఆయనది ఎక్కుడు మెట్లే. మామూలు నావికుడిగా మొదలుపెట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, 1865లో అమెరికా పౌరుడయ్యాడు. 1869లో మొదటిసారి కెప్టెన్ అయ్యాడు. 1871లో సిడ్నీలో వర్జీనియా వాకర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ కాపురానికి వచ్చింది ఓడలోకే. ఏడుగురు పిల్లలు సముద్రం మీదో, పరాయి రేవుల్లోనో పుట్టారు, నలుగురు బతికారు. నార్తర్న్ లైట్ అనే గొప్ప ఓడకి భాగస్వామిగా, కెప్టెన్‌గా ఉన్న రోజులు ఆయన వైభవానికి పరాకాష్ఠ. అన్నట్టు, ఆయన మెత్తని మనిషేం కాదు. ఆ ఓడ మీదే ఒక అధికారిని నిర్బంధించి క్రూరంగా చూశాడని కోర్టు జరిమానా వేసింది.

1884లో సొంతంగా అక్విడ్నెక్ అనే ఓడ కొన్నాడు. అదే ఏడాది జులై 25న బ్యూనస్ ఎయిర్స్ రేవులో వర్జీనియా చనిపోయింది. ఆ దెబ్బ నుంచి ఆయన మళ్ళీ కోలుకోలేదని పిల్లలు తర్వాత చెప్పుకున్నారు. 1886లో తన చుట్టమైన హెటీని పెళ్ళాడాడు. పాపం ఆవిడకి కెప్టెన్ భార్య హోదా ఏమీ దక్కలేదు. 1887 చివర్లో అక్విడ్నెక్ బ్రెజిల్‌లో ఇసుక తిన్నె ఎక్కి ముక్కలైంది. ఇన్సూరెన్సు లేదు. భార్య, ఇద్దరు కొడుకులతో పరాయి ఒడ్డున దిక్కులేక నిలబడ్డ ఆ మనిషి, అడవిలో కొట్టిన కర్రతో, విరిగిన ఓడలో దొరికిన సామానుతో 35 అడుగుల పడవ కట్టాడు. తెరచాపలు హెటీ కుట్టింది. 1888 మే 13న, బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన రోజునే దాన్ని నీళ్ళలోకి దింపి, స్వేచ్ఛ అని అర్థం వచ్చేలా లిబర్డేడ్ అని పేరు పెట్టాడు. అందులోనే నలుగురూ 5,500 మైళ్ళు ప్రయాణం చేసి అమెరికా చేరారు. ఆ అనుభవం చాలనుకుందో ఏమో, హెటీ ఇక భర్తతో సముద్ర ప్రయాణాల మాట ఎత్తలేదు.

అమెరికా చేరాక అసలు కష్టం మొదలైంది. ఆవిరి ఓడలు వచ్చేశాయి. తెరచాప ఓడలు ఒకటొకటిగా మూలపడుతున్నాయి. ఒకప్పుడు సముద్రాలేలిన వాటి కొయ్యలు నరికేసి బొగ్గు మోసే బల్లకట్లుగా వాడుతున్నారు. కెప్టెన్లు ఎక్కువ, ఓడలు తక్కువ. పోనీ షిప్‌యార్డులో కూలి పని చేద్దామంటే, అక్కడి సంఘానికి ముందు 50 డాలర్లు కట్టాలన్నారు. మనిషిలో నేర్పు తగ్గలేదు, ఆ నేర్పుతో పనే లేకుండా పోయింది. ఈ భాగం చదువుతున్నప్పుడు నేను పుస్తకం కాసేపు మూసి పక్కన పెట్టానని ఒప్పుకోవాలి.

అప్పటికి ఆయనకి దాదాపు 48 ఏళ్ళు. 1892 శీతాకాలంలో ఒకరోజు బోస్టన్‌లో తిమింగలాల వేట నుంచి రిటైరైన పాత స్నేహితుడు, కెప్టెన్ ఎబెన్ పియర్స్ కలిశాడు. ఫెయిర్‌హేవెన్ వస్తే ఓడ ఒకటి ఇస్తాను, కొంచెం మరమ్మతు కావాలి అన్నాడు. స్లోకమ్ మర్నాడే బయల్దేరి వెళ్ళాడు. తీరా చూస్తే అది ఓడ కాదు. నీళ్ళకి దూరంగా ఒక పచ్చిక బయల్లో, గుడ్డ కప్పి, అటూ ఇటూ కర్రలు ఆనించి నిలబెట్టిన స్ప్రే అనే పాత ఆల్చిప్పల పడవ. ఏడేళ్ళుగా అలాగే పడి ఉంది. ఆ చోటు పేరు పావర్టీ పాయింట్, అంటే పేదరికపు మొన. పేరు కూడా ఎంత కుదిరిందో చూడండి. పియర్స్ వేళాకోళం చేశాడని ఊళ్ళో అందరూ అనుకున్నారు.

స్లోకమ్ మాత్రం వేళాకోళంగా తీసుకోలేదు. పడవని విరగ్గొట్టడానికి వచ్చాడేమోనని చుట్టుపక్కల వాళ్ళు అడిగితే, కాదు, తిరిగి కడతానన్నాడు. ఆ మాటకి వాళ్ళందరి దగ్గరా ఉన్న ప్రశ్న ఒకటే: గిట్టుబాటవుతుందా అని. ఏడాది పైగా ఆయన రోజూ ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుంటూ వచ్చాడు.

పక్కనే ఉన్న ఓక్ చెట్టు నరికి, పడవకి వెన్నెముకలా అడుగున ఉండే కీల్ చెక్కాడు. గొడ్డలి, బాడిస, చేతి రంపం, ఇవే పనిముట్లు. పక్కటెముకల్లాంటి కర్రలని ఆవిరి పెట్టెలో ఉడికించి, మెత్తబడగానే అచ్చు మీద వంచి బిగించాడు. పడవ ముందు మొన కూడా బీడులో పెరిగిన ఓక్ మొదలుతోనే చేశాడు. అది తర్వాత కీలింగ్ దీవుల దగ్గర పగడపు దిబ్బని రెండుగా చీల్చింది, దానికి మాత్రం గీత కూడా పడలేదు. పైన అంగుళంన్నర మందం జార్జియా పైన్ పలకలు. పలకల సందుల్లో ముందు నూలు దారం, దాని మీద పాత తాళ్ళ పీచు కూరాడు. ఆ దారం నిలవదని, నీళ్ళలో పడగానే బయటికి పాక్కుంటూ వస్తుందని పెద్దలు కొందరు బెదిరించారు. అది ఎప్పటికీ కదల్లేదు. అడుగున రాగి రంగు పూశాడు. తెరచాప కొయ్యకి న్యూ హాంప్‌షైర్ నుంచి వచ్చిన స్ప్రూస్ మాను.

కుళ్ళిన చోటల్లా కొత్త కర్ర వేసుకుంటూ పోగా, చివరికి పాత పడవలో మిగిలిందెంత అంటే చెప్పడం కష్టం. పేరు మాత్రం స్ప్రేనే. ముక్క ముక్కగా బాగుచేస్తూ మొత్తం మారిపోయినా అది ఆ పడవే, కొత్తది కాదు అని ఆయన వాదన. మా ఇంట్లో తాతగారి పడక్కుర్చీకి పట్టీ నాలుగుసార్లు, కాళ్ళు రెండుసార్లు మార్చారు. అది ఇప్పటికీ తాతగారి కుర్చీయే. కాబట్టి నాకు ఈ వాదన అర్థం కావడానికి పెద్ద తత్వశాస్త్రం అవసరం పడలేదు.

మొత్తం ఖర్చు సామానుకి 553 డాలర్ల 62 సెంట్లు, ఆయన సొంత శ్రమ 13 నెలలు. నిజానికి ఇంకొన్ని నెలలు ఎక్కువే పట్టింది, ఎందుకంటే మధ్యమధ్య అదే రేవులో తిమింగలాల ఓడలు సిద్ధం చేసే పని దొరికితే వెళ్ళి చేసి ఆ డబ్బు తెచ్చుకునేవాడు. మన భాషలో చెప్పాలంటే పగలు కాంట్రాక్టు, రాత్రి సొంత ప్రాజెక్టు. హెటీ, పిల్లలు బోస్టన్‌లో బంధువుల దగ్గర ఉన్నారు. ఆ 13 నెలలు వాళ్ళు ఎలా గడిపారన్న సంగతి ఆయన పుస్తకంలో కనిపించదు. పక్క ఊరు న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి ముసలి కెప్టెన్లు వచ్చి పని చూసి, బాగుందని తలాడించి వెళ్ళిన సంగతి మాత్రం మురిసిపోతూ రాసుకున్నాడు. పని లేని మనిషికి, పని తెలిసినవాళ్ళు వచ్చి తలాడించడం ఎంత పెద్ద విషయమో ఆ మార్చి నెలలో నాకూ తెలిసొచ్చింది. నేను గీకిన అడుగుని చేత్తో తడిమి మా పెద్దాయన బాగుందన్నప్పుడు, చాలా రోజులకి ఆ రాత్రి నిద్రపట్టింది.

1893లో స్ప్రే నీళ్ళలోకి దిగింది. 36 అడుగుల 9 అంగుళాల పొడవు, 14 అడుగుల 2 అంగుళాల వెడల్పు. ఒడ్డున దేవదారు కర్ర ఒకటి పాతి దానికి కట్టాడు. ఆ కర్ర సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

చెక్క పడవని చాలాకాలం తర్వాత నీళ్ళలోకి దింపడం ఎలా ఉంటుందో ఆ ఏప్రిల్‌లో కళ్ళారా చూశాను. ఒడ్డున ఆరిన పలకలు కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. అందుకని క్రేను పట్టీలని వెంటనే విప్పెయ్యరు. పడవ నీళ్ళలో తేలుతున్నట్టే ఉంటుంది గానీ ఒక రాత్రంతా ఆ పట్టీల ఊయలలోనే ఉంచుతారు. లోపలికి నీళ్ళు వస్తూనే ఉంటాయి, పంపు ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. కర్ర నీరు తాగి ఉబ్బి, సందులు తమంతట తామే మూసుకోవాలి. నేనైతే లోపల నీళ్ళు చూడగానే రెండేళ్ళ పని మునిగిందనుకుని కంగారుపడ్డాను. పెద్దాయన నింపాదిగా శాండ్విచ్ తింటూ కూర్చున్నారు. తెల్లారేసరికి పంపు ఎప్పుడో ఒకసారి తిరుగుతోంది. మధ్యాహ్నానికి పట్టీలు తీసేశారు. సాయంత్రం ఆయన పరుపు, రెండు గిన్నెలు, భార్య ఫొటో లోపలికి చేర్చుకున్నారు.

మళ్ళీ స్లోకమ్ దగ్గరికి వద్దాం. పడవ సిద్ధమైంది గానీ బతుకుతెరువు కాలేదు. ఒక సీజను చేపలు పట్టి చూసి, గాలానికి ఎర కట్టే ఒడుపు తనకి లేదని తేల్చుకున్నాడు. డిస్ట్రాయర్ అనే యుద్ధనౌకని బ్రెజిల్‌కి చేర్చే పని ఒప్పుకుంటే డబ్బులు ఎగ్గొట్టారు. అప్పుడిక తనకి బాగా తెలిసిన పని ఒక్కటే మిగిలింది. 1895 ఏప్రిల్ 24 మధ్యాహ్నం బోస్టన్ నుంచి ఒంటరిగా బయల్దేరాడు. ఓడల్లో వాడే మంచి క్రోనోమీటర్ ఉంది గానీ దాన్ని బాగుచేయించడానికి 15 డాలర్లు అడిగారని ఇంట్లోనే వదిలేశాడు. నోవా స్కోషియాలో ఒక రేకు గడియారం కొన్నాడు. ధర డాలరున్నర, ముఖం పగిలి ఉందని డాలరుకే ఇచ్చారు. దారిలో నిమిషాల ముల్లు ఊడిపోతే, నీళ్ళలో ఉడకబెట్టి మళ్ళీ నడిపించాడట. ఆయనకి ఈత కూడా రాదు!

ప్రయాణమంతా చెప్పాలంటే ఈ పత్రిక చాలదు. జిబ్రాల్టర్ దాకా వెళ్ళి, అటు మధ్యధరా సముద్రంలో దొంగల భయం ఉందంటే వెనక్కి తిరిగి అట్లాంటిక్‌ని మళ్ళీ దాటాడు. మెజెల్లాన్ జలసంధిలో రాత్రిళ్ళు ఎవరూ పడవ ఎక్కకుండా డెక్ మీద మేకులు చల్లి పడుకున్నాడు. పసిఫిక్ దాటి, ఆస్ట్రేలియా చేరి, థర్స్‌డే ఐలండ్ నుంచి కీలింగ్ దీవుల దాకా 2,700 మైళ్ళు 23 రోజుల్లో వెళితే, అందులో ఆయన చుక్కాని పట్టుకున్నది మొత్తం మూడు గంటలు కూడా లేదు. తెరచాపలు సరిచేసి చుక్కాని కట్టేస్తే పడవ తనంతట తానే నిటారుగా పోయేది, ఆయన లోపల కూర్చుని పుస్తకాలు చదువుకునేవాడు. బీడులో చేత్తో మలిచిన ఆ అడుగు గొప్పతనం అది.

1897 సెప్టెంబరు 19న మారిషస్ చేరాడు. అక్కడివాళ్ళు మిలిటరీ డాక్‌లో స్ప్రేని పైసా తీసుకోకుండా ఒడ్డుకి లాగి బాగుచేసి పంపారు. మన కోరంగి రేవు నుంచి, ఆ చుట్టుపక్కల నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళు అప్పటికి దశాబ్దాలుగా ఆ దీవిలో ఉన్నారు. వాళ్ళని అక్కడ ఎక్కిన రేవు పేరుతోనే కోరంగివాళ్ళని పిలిచేవారు. కోరంగి అంటే ఒకప్పుడు ఓడలు కట్టడానికీ, బాగుచెయ్యడానికీ పేరుపడ్డ ఊరు. పోర్ట్ లూయీలో ఆ పడవ చుట్టూ చేరిన జనంలో మనవాడు ఒక్కడైనా ఉండి ఉంటాడని నా ఆశ. కాకినాడ వాణ్ణి కదా, ఆ మాత్రం స్వార్థం ఉంటుంది.

1898 జూన్ 27 తెల్లవారుజామున ఒంటిగంటకి రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ చేరాడు. మూడేళ్ళ పైచిలుకు, 46,000 మైళ్ళు. స్పెయిన్‌తో యుద్ధం జరుగుతున్న రోజులు కావడంతో పేపర్లు మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఆయన అక్కడ ఆగకుండా జులై 3న ఫెయిర్‌హేవెన్ వెళ్ళి, నీళ్ళలోకి దించిన రోజు కట్టిన ఆ దేవదారు కర్రకే స్ప్రేని మళ్ళీ కట్టాడు.

ఇక్కడితో ఆపితే కథ బాగుండేది. 1900లో పుస్తకం వచ్చింది, పేరొచ్చింది. 1902లో మార్తాస్ వినియార్డ్‌లో ఇల్లు కొన్నాడు, కానీ నేల మీద నిలవలేకపోయాడు. 1906లో న్యూజెర్సీలోని రివర్టన్‌లో 12 ఏళ్ళ బాలిక విషయంలో ఆయన్ని అరెస్టు చేశారు. మొదట పెట్టిన తీవ్రమైన అభియోగాన్ని తగ్గించారు, తగ్గించిన దాన్ని ఆయన కోర్టులో ఎదిరించలేదు. 42 రోజులు జైల్లో గడిపి బయటికొచ్చాడు. ఆయన్ని అభిమానించేవాళ్ళు చాలామంది ఈ సంగతి దాటేస్తారు. ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా నేను దాటెయ్యలేను. ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటాను, ఆయన ఫొటో మాత్రం ఇంట్లో పెట్టుకోను.

చివరి ఏళ్ళలో స్ప్రేని చూసినవాళ్ళు అది బాగా పాడైపోయిందని రాశారు. తాళ్ళు వదులై, రంగు పోయి, శుభ్రం లేక ఉండేదట. 13 నెలలు ఒక్కొక్క పలకా చేత్తో అమర్చిన మనిషి, అరవై దాటాక ఆ పడవని ఎందుకు వదిలేశాడో నాకు ఎన్నిసార్లు చదివినా అంతుపట్టలేదు. 1909 నవంబరు 14న వినియార్డ్ హేవెన్ నుంచి దక్షిణ అమెరికా నదుల వైపు ఒంటరిగా బయల్దేరాడు. మళ్ళీ ఆయన జాడ గానీ, పడవ జాడ గానీ లేవు. 1924లో చట్టప్రకారం చనిపోయినట్టు ప్రకటించారు.

నా సంగతంటారా, 52వ రోజున ఉద్యోగం దొరికింది, జీతం కొంచెం తక్కువ. చేరే ముందు ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని ఫెయిర్‌హేవెన్ వెళ్ళాను. పావర్టీ పాయింట్ ఇప్పుడు శుభ్రమైన ఇళ్ళున్న పేట. ఒక రాయి మీద ఆయన పేరుతో ఫలకం ఉంది. బీడు లేదు, ఆవులు లేవు. మా చిన్నది ఆ రాయెక్కి కూర్చుని చిప్స్ తింది.

పెద్దాయన పడవని ఈ ఏప్రిల్‌లో రంగు కోసం మళ్ళీ వారం రోజులు ఒడ్డుకి లాగుతున్నారు. గీకుడు బాకు నాదే తెచ్చుకోమన్నారు. రెండు రోజులు సెలవు పెట్టాను.